డెల్ పవర్‌ఎడ్జ్ డయాగ్నొస్టిక్స్: విశాఖ ఉప్పుగాలిలో దాని 'పాస్' మాట ఎంతవరకు నమ్మొచ్చు?

సర్వర్ రెండుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయిందంటే చాలా ఆఫీసుల్లో మొదట మూత తెరిచి ర్యాం ఊడదీస్తారు. డెల్ పవర్‌ఎడ్జ్ సర్వర్లు వాడేవాళ్లకు ఆ తొందర అక్కర్లేదు. పరీక్షించే సాఫ్ట్‌వేర్ సర్వర్‌లోనే ఉంది. ఆపరేటింగ్ సిస్టం లేకపోయినా, హార్డ్‌డిస్కులన్నీ చచ్చిపోయినా, వారంటీ ముగిసి ఏళ్లయినా తెరుచుకుంటుంది. పైసా ఖర్చు లేదు. మొదట్లో దాన్ని ఈపీఎస్ఏ అనేవారు, ఇప్పుడు సపోర్ట్‌అసిస్ట్ డయాగ్నొస్టిక్స్ అంటున్నారు. పూర్తిగా పాడైన భాగాన్ని పట్టివ్వడంలో దీనికి వంక పెట్టలేం. అప్పుడప్పుడు మాత్రమే తప్పు చేసే భాగం దగ్గరే ఇది తడబడుతుంది. విశాఖలో వచ్చే ఫిర్యాదుల్లో ఈ రెండో రకమే ఎక్కువ కాబట్టి దీన్ని ఎలా వాడాలో తెలిసి వాడాలి.

తెరవడం సులువు. సర్వర్ ఆన్ చేయగానే ఎఫ్10 నొక్కితే సర్వర్‌లోనే ఉండే నిర్వహణ మెనూ లైఫ్‌సైకిల్ కంట్రోలర్ వస్తుంది. అందులో హార్డ్‌వేర్ డయాగ్నొస్టిక్స్, ఆ తర్వాత రన్ హార్డ్‌వేర్ డయాగ్నొస్టిక్స్. ఎఫ్11 నొక్కి బూట్ మేనేజర్‌లోని సిస్టం యుటిలిటీస్ నుంచి లాంచ్ డయాగ్నొస్టిక్స్ నొక్కినా అక్కడికే చేరతాం. ఐడ్రాక్‌కు (సర్వర్‌ను దూరం నుంచి చూసుకోవడానికి అందులోనే ఉండే చిన్న కంట్రోలర్) ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు ఉంటే వర్చువల్ కన్సోల్ తెరిచి, రుషికొండలో కూర్చుని గాజువాకలోని సర్వర్‌ను పరీక్షించొచ్చు. మౌస్ కూడా పనిచేస్తుంది. ఎన్నాళ్లుగానో అప్‌డేట్ చేయని సర్వర్ అయితే ముందు డయాగ్నొస్టిక్స్ ప్యాకేజీనే అప్‌డేట్ చేయండి. బయోస్ (సర్వర్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో అది మారదు. ఫర్మ్‌వేర్ జాబితాలో దానికి విడిగా ఒక వరుస, విడిగా ఒక వెర్షన్ నంబరు ఉంటాయి.

పరీక్ష మొదలుపెట్టే ముందు లాగ్ దాచుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే. ఐడ్రాక్ 9లో మెయింటెనెన్స్ కింద సిస్టం ఈవెంట్ లాగ్, లైఫ్‌సైకిల్ లాగ్ ఉంటాయి. అక్కడే సపోర్ట్‌అసిస్ట్‌లో స్టార్ట్ ఎ కలెక్షన్ నొక్కి, సిస్టం సమాచారం, స్టోరేజ్ లాగ్‌లు రెండూ ఎంచుకుంటే ఒక జిప్ ఫైలు వస్తుంది. దాన్ని మీ ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. ముందుపక్క కాషాయ రంగు దీపం ఆర్పడానికని కొందరు టెక్నీషియన్లు రాగానే లాగ్ క్లియర్ చేసేస్తారు. దీపం ఆరిపోతుంది, ఆ లాగ్‌లోని సాక్ష్యం కూడా దాంతోపాటే పోతుంది. ఎవరు వచ్చినా ఆ బటన్ ముట్టుకోనివ్వకండి.

ఇంటర్‌ఫేస్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పైన నాలుగు ట్యాబ్‌లు: కాన్ఫిగరేషన్, రిజల్ట్స్, సిస్టం హెల్త్, ఈవెంట్ లాగ్. తెరవగానే దొరికిన భాగాలన్నీ వరుసగా చూపించి, ఎవరూ ఏమీ నొక్కకుండానే పరీక్ష మొదలుపెడుతుంది. ఆ జాబితాను అక్కడే ఒకసారి లెక్కపెట్టుకోండి. ఆర్740 మోడల్‌లో ఆరు వరకు ఫ్యాన్లు ఉంటాయి, అవీ మీరు పెట్టిన డిమ్‌లూ (ర్యాం పలకలు) అన్నీ కనిపించాలి. జాబితాలోనే లేని భాగాన్ని ఇది పరీక్షించదు, పరీక్షించలేదని చెప్పదు కూడా. ఉన్నవన్నీ పాసయ్యాయని మాత్రమే చెబుతుంది.

తొలి విడత త్వరగానే ముగుస్తుంది. తర్వాత మిగతా మెమరీ పరీక్షలు కూడా చేయమంటారా, అరగంటో అంతకంటే ఎక్కువో పడుతుంది అని అడుగుతుంది. ఆ అరగంట మాట చిన్న కంప్యూటర్లకు సరిపోతుందేమో. 256 జీబీ, 512 జీబీ ర్యాం ఉన్న సర్వర్‌కు గంటలు పడుతుంది. డిస్కులదీ అదే సంగతి. డిస్క్ మొత్తం చదివే పరీక్ష ఎంచుకుంటే, సెకనుకు 150 ఎంబీ చదివే 4 టీబీ డిస్క్‌కు ఏడు గంటల పైనే కావాలి. అంతసేపూ సర్వర్ పనికి అందదు. వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడివిడి కంప్యూటర్లు) నడుస్తుంటే ముందు వాటిని ఆపి, శనివారం రాత్రి పెట్టుకోవడం మేలు. ఆ రాత్రంతా సర్వర్ గదిలో ఏసీ నడవాలని వాచ్‌మన్‌కు కూడా చెప్పి ఉంచండి.

ఫెయిల్ అయినప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ విలువ తెలుస్తుంది. 2000తో మొదలయ్యే ఎర్రర్ కోడ్, దాని కింద వ్యాలిడేషన్ కోడ్ చూపిస్తుంది. రెండూ ఫొటో తీసుకోండి. వారంటీ ఉంటే సర్వీస్ ట్యాగ్‌లోని ఏడు అక్షరాలతో పాటు ఇవి కూడా చెబితే ఫోన్‌లో మళ్లీ మొదటినుంచి ప్రశ్నలు వేయడం చాలావరకు తప్పుతుంది. 2000-0123 అంటే మెమరీ పరీక్ష తప్పింది. 2000-0142 అంటే డిస్క్ తన స్వీయపరీక్షలో ఫెయిల్ అయింది, ఆ డిస్క్ మీద ఇక ఆశ పెట్టుకోవద్దు. 2000-0146 వేరు. డిస్క్ తన లాగ్‌లో పాత లోపం రాసిపెట్టుకుందని దాని అర్థం. ఇది చూసి వెంటనే డిస్క్ పారేయనక్కర్లేదు కానీ బ్యాకప్ మాత్రం ఆ రోజే తీయాలి.

ఇక లోపాల సంగతి. మొదటిది, పెద్దది: ఈసీసీ. సర్వర్ ర్యాంలో ఒక బిట్ తారుమారైతే మెమరీ కంట్రోలర్ అక్కడికక్కడే సరిచేసి ఇస్తుంది. పరీక్ష రాసిన విలువ, చదివిన విలువ ఒకటే కనిపిస్తాయి, పాస్ అంటుంది. నిజంగా ఎన్నిసార్లు సరిచేయాల్సి వచ్చిందో లాగ్‌లోనే ఉంటుంది. ఎంఈఎం0702 అని వచ్చి, పక్కన స్లాటు పేరుగా డిమ్ ఏ1 అనో బీ3 అనో ఉంటే సరిదిద్దగల తప్పులు హద్దు దాటాయన్న మాట. ఎంఈఎం0001 అంటే సరిదిద్దలేని తప్పే వచ్చింది. లాగ్‌లో ఈ వరుసలు ఉండి డయాగ్నొస్టిక్స్ పాస్ అంటే లాగ్‌నే నమ్మండి. మెమ్‌టెస్ట్86 ఉచిత ఎడిషన్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి నాలుగు రౌండ్లు నడపడం రెండో అభిప్రాయంగా బాగుంటుంది. కానీ ఈసీసీ దగ్గర దానికీ ఇదే చిక్కు. కొన్ని చిప్‌సెట్లలోనే అది ఈసీసీ తప్పులను విడిగా చూపగలదు.

రెండోది మన ఊరి గాలి. సముద్రపు ఉప్పు దాదాపు 75 శాతం తేమ దగ్గర గాలిలోని నీటిని పీల్చుకుని కరుగుతుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు కిటికీ తెరిచి ఉన్న గదిలో ఆ 75 ఏమంత దూరంలో ఉండదు. పగలంతా ఏసీలో చల్లబడిన ఇనుము, రాత్రి ఏసీ కట్టేశాక లోపలికి వచ్చిన తేమగాలికి చెమ్మపడుతుంది. డిమ్ బయటికి తీసి టార్చ్ వెలుగులో బంగారు పూత ఉన్న అంచును ఏటవాలుగా చూడండి. సూదిమొనంత పచ్చటి చుక్కలు, వాటి చుట్టూ మసకగా వలయం కనిపిస్తే పూతలోని సన్నటి రంధ్రాల గుండా కింది రాగి తుప్పు పడుతోందని అర్థం. పీసీఐ కార్డుల ఇనుప పట్టీ మీద గోధుమరంగు మరకలు కూడా ఇదే కథ చెబుతాయి. ఇలాంటి కాంటాక్ట్ వేడెక్కినప్పుడు ఒకలా, చల్లారినప్పుడు ఒకలా ప్రవర్తిస్తుంది. సర్వర్ ఆపి, పది నిమిషాలాగి, చల్లటి గదిలో పరీక్ష పెడితే పాసవుతుంది. మధ్యాహ్నం మూడింటికి లోడు మీద ఉన్నప్పుడు పడిపోతుంది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, కానీ దీన్ని వాడేవాళ్లకు తెలిసి ఉండాల్సిన విషయం. అందుకే సర్వర్ పడిపోయిన వెంటనే, వేడి మీద ఉండగానే పరీక్ష మొదలుపెట్టండి.

శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డ చాలు. అంచును ఒకే దిశలో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి. పిల్లల రబ్బరుతో రుద్దే అలవాటు మన రిపేరు షాపుల్లో ఇంకా ఉంది. ఆ బంగారు పూత మందం మైక్రాన్ కూడా ఉండదు. రబ్బరు దాన్ని అరగదీస్తుంది, పొట్టు స్లాట్‌లో పడుతుంది. ఒక్కసారికి బాగైనట్టే ఉండి నెలలు తిరిగేసరికి తుప్పు ఇంకా వేగంగా వస్తుంది.

డిమ్ తీసే ముందు, మార్చిచూసే ముందు ఇంకో సంగతి. ఆర్740 తరం నుంచి బయోస్ పాడైన మెమరీ వరుసను పక్కనపెట్టి, చిప్‌లోనే ఉన్న అదనపు వరుసను వాడుకోగలదు. అది రీబూట్ సమయంలో జరుగుతుంది, డిమ్ అదే స్లాట్‌లో ఉండాలి. కాబట్టి సరిదిద్దగల తప్పులు వచ్చాయని లాగ్ చెబితే ముందు ఏదీ కదపకుండా ఒకసారి రీబూట్ చేయండి. అప్పటికీ తప్పులు ఆగకపోతే ఏ1లోది బీ1కి, బీ1లోది ఏ1కి మార్చండి, ఒకసారికి ఒక జత మాత్రమే. తప్పు డిమ్‌తో పాటే వెళ్లిందా, డిమ్ పోయింది. ఏ1లోనే ఉండిపోయిందా, స్లాట్‌నో ప్రాసెసర్ సాకెట్ పిన్‌లనో చూడాలి.

డిస్కుల విషయంలో దీని ఒక్క మాట మీదే ఆధారపడకండి. పెర్క్ (డిస్కులను కలిపి నడిపే డెల్ రెయిడ్ కంట్రోలర్) వెనక ఉన్న డిస్కుల స్థితి ఆ కంట్రోలర్‌కే బాగా తెలుసు. ఎఫ్2, డివైస్ సెట్టింగ్స్, రెయిడ్ కంట్రోలర్ దారిలో వెళ్లి ప్రిడిక్టివ్ ఫెయిల్యూర్ (త్వరలో పాడవచ్చన్న హెచ్చరిక) అని ఏ డిస్క్ దగ్గరైనా ఉందేమో చూడండి. డిస్క్ దీపం ఆకుపచ్చగా, కాషాయంగా వెలిగి ఆరుతుంటే అర్థం అదే. ఇంతలో ఫారిన్ కాన్ఫిగరేషన్ అని, అంటే డిస్క్ మీద ఈ కంట్రోలర్‌కు తెలియని రెయిడ్ అమరిక ఉందని, సందేశం వస్తే క్లియర్ నొక్కొద్దు. ఏ డిస్క్ ఎక్కడినుంచి వచ్చిందో తేల్చుకోకుండా అది నొక్కితే పోయేది మీ డేటా.

ఫ్యాన్ల పరీక్ష తిరుగుతున్నాయో లేదో చెబుతుంది, గాలి ఆడుతోందో లేదో చెప్పదు. పోర్టు వైపు ఓల్డ్ టౌన్‌లో నల్లటి దుమ్ము హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకుపోయినా ఫ్యాన్లు పాసవుతాయి. సిస్టం హెల్త్ ట్యాబ్‌లో ఉష్ణోగ్రతలు చూసి రాసుకోండి, దుమ్ము దులిపాక మళ్లీ చూడండి. పవర్ సప్లై మీద అసలు పని భారం పడదు కాబట్టి, లోడు మీద మాత్రమే పడిపోయే సప్లైని పట్టుకునే ఆశ పెట్టుకోవద్దు.

అయిదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. ఆ ఒక్కటీ ఈసీసీ లెక్కను ఫలితాల పక్కనే చూపించనందుకు తగ్గించాల్సిందే.

సెకండ్‌హ్యాండ్ సర్వర్ కొనేవాళ్లకు మాత్రం దీన్ని మించింది లేదు. డబ్బు చేతిలో పెట్టే ముందు రెండు గంటలు అడగండి. ఎఫ్10 నొక్కి మొదటి విడత అయినా నడపండి. సర్వీస్ ట్యాగ్‌ను డెల్ వెబ్‌సైట్లో కొట్టి, ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు బయల్దేరిందో, ఏయే భాగాలతో వచ్చిందో చూసి, జాబితాలో కనిపిస్తున్న వాటితో పోల్చుకోండి. లైఫ్‌సైకిల్ లాగ్ కూడా తెరవండి. ఏళ్ల తరబడి నడిచిన సర్వర్‌లో లాగ్ నిన్నటితోనే మొదలవుతుంటే, డేటా చెరిపేటప్పుడు సిస్టం ఎరేజ్ చేసి ఉండొచ్చు, అది మామూలే. కానీ అప్పుడు మెమరీ పాత చరిత్ర మీ చేతిలో లేదు. అలాంటి సర్వర్‌కు మొదటి విడత చాలదు, పూర్తి మెమరీ పరీక్ష నడిపి, అయ్యాక ఈవెంట్ లాగ్ మళ్లీ తెరిచి చూశాకే బేరం మాట్లాడండి.