శ్రీకాకుళంలో "గౌరంగ్ షా మోడల్" చీర కొన్నాను, నా రివ్యూ

సంక్రాంతికి ముందు టౌన్‌లో ఒక షాపుకెళ్ళాను (పేరు రాయను, మళ్ళీ గొడవెందుకు). సేల్స్ అబ్బాయి ఒక చీర పరిచీసి "మేడమ్, ఇది పొందూరు ఖద్దరు మీద జాందానీ, గౌరంగ్ షా మోడల్" అన్నాడు. జాందానీ అంటే మగ్గం మీదే చేత్తో పువ్వులు నేసే పని, గౌరంగ్ షా అంటే దానికి పేరున్న డిజైనర్. ఆ పేరు వినీసరికి నాకు బేరమాడ్డం కూడా గుర్తురాలేదు, ఆరువేల అయిదొందలు ఇచ్చీసి తెచ్చీసుకున్నాను.

మా అమ్మమ్మది పొందూరు, చిన్నప్పుడు రాట్నం వడికిన చెయ్యి. చీర రంగు కూడా చూడలేదు, కొంగు తిరగేసి వేళ్ళతో ఒకసారి రాసింది, "ఓలమ్మీ, ఇది మిషను బుటా కదే" అంది. నేనూ చూస్తే నిజమే, ప్రతి పువ్వు వెనకాలా కత్తిరించిన దారం ముక్కలు గరగరా తగుల్తున్నాయి.

జాందానీలో అలా ఉండదండి. నేసేటప్పుడే పువ్వు వచ్చే చోట చిన్న చిన్న కండెల్తో రంగు దారం చేత్తోనే పెడతారు, పువ్వు అయిపోతే దారం అక్కడితో ఆగిపోద్ది, అందుకే వెనకా ముందూ ఇంచుమించు ఒకేలా ఉంటాది. గౌరంగ్ షాకి పేరొచ్చిందే ఈ పనితో. హైదరాబాద్ మనిషి, మహానటి సినిమా బట్టలకి ఇంకో ఇద్దరితో కలిపి నేషనల్ అవార్డు కూడా వచ్చింది గానీ నాకు ఆయన నచ్చింది దానికి కాదు, రవివర్మ బొమ్మల్ని ఖద్దరు చీరల మీద జాందానీలో నేయించాడు చూడండి, దానికి. మొహంలో నీడ, నగల మెరుపు, అన్నీ దారంతోనే, అదీ సహజ రంగుల్తో. మన జిల్లా మగ్గాల పనితనం కూడా అందులో ఉంది. నిజం చెప్పాలంటే ఆయన చీరలు మనం కొనే రేటులో ఉండవు, ఫొటోలు జూమ్ చేసుకుని చూడ్డమే.

తర్వాత అమ్మమ్మే పొందూరు తీసుకెళ్ళి తెలిసిన నేతగాళ్ళింట్లో ఒక చీర ఇప్పించింది. తెల్లది, సన్న అంచు, బుటాలు గిటాలు ఏటీ లేవు. అక్కడ కొండపత్తిని వలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, అది చేతిలో పెట్టి చూపించారు, సన్నటి పళ్ళు, దువ్వెనలాగే ఉంది. చీర మూడుసార్లు ఉతికాను, ఉతికేకొద్దీ మెత్తబడుతోంది. గంజి పెట్టకపోతే మాత్రం గంటలో నలిగిపోద్ది, ఆఫీసుకి కట్టుకెళ్ళేవాళ్ళు ఆలోచించుకోండి. నేనైతే ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

షాపు చీరకి ఒకటి, అదీ రంగు బాగుందని. వెనక్కి తీసుకెళ్తే "మోడల్ అన్నాం గానీ ఒరిజినల్ అన్లేదు కదా మేడమ్" అని మేనేజరు నవ్వీసాడు. డబ్బులివ్వం ఎక్స్‌ఛేంజే అంటే రెండు దుప్పట్లు, మా ఆయనకి నాలుగు లుంగీలు, ఇంకా ఏవో తువ్వాళ్ళు తెచ్చుకున్నాను. దుప్పట్లు మాత్రం బాగున్నాయి.