టూర్ బుకింగ్ సైట్లు, కార్డు ఛార్జీలు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

విమానం టికెట్లు, హోటళ్లు, అప్పుడప్పుడూ ప్యాకేజీ టూర్లు, అన్నీ చాలా ఏళ్లుగా ఆన్‌లైన్‌లోనే బుక్ చేస్తున్నాను. కట్టేది కార్డుతోనే. ఏ సైటులో వెతకడం తేలిక, ఏ యాప్ వేగంగా తెరుచుకుంటుంది అన్న సమీక్షలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. డబ్బు కట్టే పేజీ గురించి మాత్రమే రాస్తున్నాను. మొదట చూపించిన ధరకీ, చివరికి స్టేట్‌మెంట్‌లో పడే మొత్తానికీ తేడా పుట్టేది అక్కడే. ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. కార్డు పేరు చెప్పి వసూలు చేసే ఫీజులో చాలా భాగానికి కార్డుతో సంబంధం ఉండదు. అది టికెట్ ధరలోని ముక్కే. మొదటి పేజీలో ధర తక్కువగా కనబడాలని దాన్ని విడగొట్టి చివర్లో కలుపుతారు.

ఎలా కలుపుతారో కాస్త దగ్గరగా చూడండి. తేదీలు ఎంచుకుంటాం. అందరి పేర్లూ, పుట్టిన తేదీలూ, పాస్‌పోర్టు నంబర్లూ కొడతాం. సీట్లు వద్దంటాం, ఇన్సూరెన్స్ వద్దంటాం. పైన గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది, ‘ఈ ధర ఇంకా ఇన్ని నిమిషాలే’ అని. అప్పుడు పేమెంట్ పేజీ వస్తుంది. అక్కడా ఫీజు వెంటనే కనబడదు. కార్డు అన్న గుండ్రటి బటన్ నొక్కాకే కుడిపక్కన మొత్తం మారుతుంది. ఎందుకు మారిందో తెలియాలంటే ‘ట్యాక్సులు, ఫీజులు’ పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కాలి. బూడిదరంగు సన్నటి అక్షరాల్లో కన్వీనియన్స్ ఫీ అనో, పేమెంట్ ప్రాసెసింగ్ ఫీ అనో ఒక వరస ఉంటుంది. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే. అప్పటికి అరగంట పని చేసి ఉంటాం, మళ్లీ మొదటినుంచి వేరే సైటులో మొదలుపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ ఓపిక లేకపోవడం మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. నాకు కోపం తెప్పించేది ఫీజు మొత్తం కన్నా ఇదే.

నిజంగా కార్డు తీసుకుంటే అమ్మేవాడికి ఖర్చు లేదా? ఉంది. మనం కట్టిన డబ్బులోంచి కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఇంటర్‌చేంజ్ అనే వాటా పోతుంది, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌కు కొంత, అమ్మేవాడి తరఫున డబ్బు వసూలు చేసే బ్యాంకుకు కొంత. ఇందులో పెద్ద వాటా సాధారణంగా ఇంటర్‌చేంజ్‌దే. యూరోపియన్ యూనియన్ 2015లో దానికి పరిమితి పెట్టింది. మామూలు వినియోగదారుల డెబిట్ కార్డుకు 0.2 శాతం, క్రెడిట్ కార్డుకు 0.3 శాతం. పరిమితి లేని చోట్ల ఇంతకన్నా బాగా ఎక్కువే ఉంటుంది, కాదనను. కానీ ఈ ఖర్చు కట్టిన మొత్తాన్ని బట్టో, ఒక్కో లావాదేవీకి ఇంత అనో ఉంటుంది, ప్రయాణికుల సంఖ్యను బట్టి ఉండదు.

అందుకే నేను మొదట చూసేది ఫీజు ఎలా లెక్కగట్టారన్నది. ‘ఒక్కో ప్రయాణికుడికి, ఒక్కో సెక్టార్‌కు (అంటే ఒక వైపు ప్రయాణానికి) ఇంత’ అని రాసి ఉంటే అది కార్డు ఖర్చు కాదని అక్కడే తేలిపోతుంది. నలుగురున్న కుటుంబం రానూపోనూ టికెట్లు తీసుకుంటే ఆ ఫీజు ఎనిమిది సార్లు పడుతుంది. కార్డు గీకింది మాత్రం ఒక్కసారే, బ్యాంకుకు వెళ్లింది ఒక్క లావాదేవీయే. తలకు కొంచెమే కదా అనుకున్నది చివరికి తడిసి మోపెడవుతుంది. చౌక విమానాల్లో అయితే కొన్నిసార్లు ఈ ఫీజే అసలు టికెట్‌కు దరిదాపుల్లోకి వచ్చేస్తుంది.

ఈ తలసరి పద్ధతి మీదే బ్రిటన్‌లో పెద్ద గొడవ అయింది. 2011లో విచ్ అనే వినియోగదారుల సంస్థ వ్యాపారాల తీరును చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్‌కు కార్డు సర్‌ఛార్జీల మీద, అంటే కార్డుతో కడితే అదనంగా వేసే ఫీజుల మీద ఫిర్యాదు చేసింది. 2012లో పలు ఎయిర్‌లైన్లు డెబిట్ కార్డు ఛార్జీని మొదట చూపించే ధరలోనే కలుపుతామని ఒప్పుకున్నాయి. 2013 ఏప్రిల్ 6 నుంచి అసలు ఖర్చుకు మించి వసూలు చేయకూడదన్న నిబంధన వచ్చింది. 2018 జనవరి 13 నుంచి వినియోగదారుల కార్డుల మీద సర్‌ఛార్జినే ఎత్తేశారు. యూరోపియన్ యూనియన్‌లోనూ అదే తేదీ, కాకపోతే అక్కడి నిషేధం ప్రధానంగా ఇంటర్‌చేంజ్ పరిమితి ఉన్న కార్డులకు. బ్రిటన్ అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌నూ, పేపాల్‌నూ కూడా కలిపింది. ఆస్ట్రేలియా మరో దారి పట్టింది. సర్‌ఛార్జి వేయొచ్చు గానీ కార్డు తీసుకోవడానికి అయిన ఖర్చు దాటకూడదని 2016 సెప్టెంబరులో పెద్ద సంస్థలకు, మరుసటి ఏడాది మిగతా అందరికీ వర్తింపజేసింది.

నిషేధం తర్వాత బ్రిటన్, యూరప్ సైట్లలో కార్డు ఫీ అన్న వరస మాయమైంది. చాలా చోట్ల దాని స్థానంలో ‘బుకింగ్ ఫీ’, ‘సర్వీస్ ఛార్జ్’ వచ్చి కూర్చున్నాయి. ఏ పద్ధతిలో కట్టినా పడే ఫీజు కాబట్టి అది కార్డు సర్‌ఛార్జి కిందికి రాదు. అయినా నా లెక్కలో ఇది కొంత మెరుగే. తప్పించుకోలేని ఫీజు అయినప్పుడు దాన్ని మొదటి ధరలోనే చూపించాలని అడిగే హక్కు మనకు బలపడుతుంది. విమాన టికెట్ల విషయంలో యూరప్‌లో ఈ నియమం 2008 నుంచే ఉంది. ఎయిర్‌లైన్ తాను నిర్ణయించిన కార్డుకు మాత్రం ఫీజు లేకుండా, మిగతా కార్డులన్నిటికీ వేస్తే, ఆ ఫీజును కూడా మొదట చూపించే ధరలోనే కలపాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2020 ఏప్రిల్‌లో తేల్చింది. ఎవరి దగ్గరా లేని కార్డు పెట్టుకుని ‘ఈ కార్డుకు ఫీజు లేదు’ అనడం తప్పించుకోదగిన ఫీజు కిందికి రాదన్నమాట.

ఆ ఎత్తు ఇప్పటికీ వేరే రూపంలో తగులుతూనే ఉంది. వేర్వేరు సైట్ల ధరలను ఒకచోట చూపే పోలిక సైట్లలో అన్నిటికన్నా పైన ఒక ధర కనబడుతుంది. నొక్కి లోపలికెళితే అది ఏదో ఒక ప్రీపెయిడ్ కార్డుతో కడితేనే వచ్చే డిస్కౌంట్ ధర. మామూలు వీసా కార్డు ఎంచుకోగానే ‘డిస్కౌంట్ తీసివేయబడింది’ అంటుంది. ఫీజు వేయలేదు, డిస్కౌంట్ తీశామంతే అని వాళ్ల వాదన. కట్టేవాడికి రెండూ ఒకటే. పోలిక సైట్లను నేను ఏ తేదీకి ఏ విమానాలున్నాయో చూసుకోవడానికే వాడతాను. అక్కడి ధరల వరుసక్రమాన్ని నమ్మను.

పరాయి దేశపు సైటులో కట్టేటప్పుడు అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి వస్తుంది, అది ఫీజు అన్న పేరుతో కూడా ఉండదు. హోటల్ ధర ఆ దేశపు కరెన్సీలో ఉంటుంది. కార్డు నంబరు కొట్టగానే మనది ఏ దేశపు కార్డో సైటు గుర్తుపట్టి, ‘మీ సొంత కరెన్సీలోనే చెల్లించండి, మారకం రేటు ఖాయం’ అని ఒక పెట్టె చూపిస్తుంది. దాంట్లో టిక్కు ముందే పడి ఉంటుంది. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. అలా ఖాయం చేసిన రేటులో అమ్మేవాడి వైపు లాభం కలిసి ఉంటుంది. అదే లావాదేవీని వీసా, మాస్టర్‌కార్డ్ తమ రోజువారీ రేటుతో మారిస్తే అయ్యే మొత్తంతో పోల్చి చూస్తే, నేను చూసిన ప్రతిసారీ సొంత కరెన్సీయే ఖరీదు. పోల్చడం కష్టం కాదు. ఆ రెండు నెట్‌వర్క్‌లూ తమ సైట్లలో రేటు లెక్కగట్టే పేజీని అందరికీ తెరిచే ఉంచుతాయి. ఈ మార్పిడిలో ఎంత శాతం అదనంగా కలిపారో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటుతో పోల్చి కట్టకముందే చెప్పాలని యూరోపియన్ యూనియన్ 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. అక్కడి సైట్లలో ఆ శాతం చూసిన తర్వాత ఎవరూ ఆ టిక్కు ఉంచరు.

సొంత కరెన్సీలో కడితే మన బ్యాంకు విదేశీ లావాదేవీ ఛార్జి తప్పుతుందని చాలామంది అనుకుంటారు. చాలా బ్యాంకులు చూసేది కరెన్సీని ఒక్కదాన్నే కాదు, అమ్మేవాడు ఏ దేశంలో నమోదయ్యాడో కూడా. సైటు మన భాషలో ఉండొచ్చు, ధర మన కరెన్సీలో ఉండొచ్చు, డబ్బు వెళ్లేది వేరే దేశంలోని ఖాతాకైతే క్రాస్ బోర్డర్ ఫీ పడుతుంది. అది బుకింగ్ రసీదులో ఎక్కడా ఉండదు. స్టేట్‌మెంట్‌లో, అసలు లావాదేవీ కింద, దాని మీద పన్నుతో సహా విడిగా పడుతుంది. ఇక్కడ సైటుదీ తప్పే, బ్యాంకుదీ తప్పే. డబ్బు ఏ దేశానికి వెళుతోందో పేమెంట్ బటన్ పక్కన ఒక్క మాట రాస్తే సరిపోయేది.

ఒక హోటల్ బుకింగ్‌లో నాకు కరెన్సీ ఎంచుకునే పెట్టే చూపించకుండా నేరుగా సొంత కరెన్సీలో కోసేశారు. నిర్ధారణ మెయిల్‌లో మాత్రం స్థానిక కరెన్సీ ధరే ఉంది. సైటు కస్టమర్ కేర్ హోటల్‌ను అడగమంది, హోటల్ సైటును అడగమంది. బ్యాంకుకు డిస్ప్యూట్ పెట్టాను. చివరి పేజీ స్క్రీన్‌షాటు, నిర్ధారణ మెయిల్, స్టేట్‌మెంట్ వరస, ఈ మూడూ జతచేశాను. కార్డు నెట్‌వర్క్‌ల నియమాల ప్రకారం కరెన్సీ ఎంపిక కార్డుదారుడిదే, అడగకుండా మార్చడానికి వీల్లేదు. తేడా డబ్బు వెనక్కి వచ్చింది. ఆ స్క్రీన్‌షాటు లేకపోతే నా మాటకు ఆధారం ఉండేది కాదు. మొత్తం ఎంతో కనబడే పేజీని కట్టేముందు ఫొటో తీసి పెట్టుకోండి, రెండు సెకన్ల పని.

క్యాన్సిల్ చేసినప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. ‘పూర్తి రీఫండ్’ అన్న బుకింగ్‌లో కూడా కన్వీనియన్స్ ఫీ సాధారణంగా వెనక్కి రాదు, నిబంధనల్లో ఎక్కడో రాసే ఉంటుంది. విదేశీ కరెన్సీ అయితే రీఫండ్ వచ్చిన రోజు రేటుకు మారుస్తారు, కట్టినప్పుడు మారకం మీద బ్యాంకు వేసిన అదనపు ఛార్జి (మార్కప్) చాలా బ్యాంకులు తిరిగివ్వవు. పూర్తిగా వెనక్కి వచ్చిందనుకున్న బుకింగ్‌లో కూడా కొంత పోతుంది. ప్రయాణం ఖాయం కానప్పుడు అందుకే నేను ‘హోటల్లోనే చెల్లించండి’ అన్న గదులే తీసుకుంటాను.

ఇక ఎవరు ఎలా ఉన్నారంటే, నా వాడకంలో ఎయిర్‌లైన్ల సొంత సైట్లే మెరుగు. ఫీజు ఉన్నా ఎక్కడ పడుతుందో తెలుస్తుంది, రీఫండ్‌కు ఒక్కరినే అడగాలి. ట్రావెల్ ఏజెన్సీ సైట్లు అన్నిటికన్నా అధ్వానం, పేమెంట్ పేజీ విషయంలో వాటికి ఐదుకు రెండు కన్నా ఇవ్వను. హోటల్ సైట్లలో దేశాన్ని బట్టి తేడా. అమెరికాలో గది అద్దె మీద హోటళ్లు అదనంగా వేసే రిసార్ట్ ఫీ లాంటివి ముందే మొత్తంలో కలిపి చూపాలన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చాక అక్కడి గదుల ధరలు చదవడం తేలికైంది. భారతదేశంలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవాణ్ని తప్పుదారి పట్టించే సైటు ఎత్తుగడలను నిషేధించింది. ధరను విడతలుగా బయటపెట్టే డ్రిప్ ప్రైసింగ్, అడగనివి బుట్టలో వేసే బాస్కెట్ స్నీకింగ్ రెండూ అందులో ఉన్నాయి. ఫిర్యాదు చేసేటప్పుడు ఈ రెండు పేర్లూ రాయండి, ‘ఎక్కువ తీసుకున్నారు’ అని రాయడం కన్నా పని చేస్తుంది.

ప్యాకేజీ టూర్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ధర పెద్దది కాబట్టి శాతం లెక్కన వేసే ఫీజు అక్కడ బరువుగా పడుతుంది, బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కు ఫీజు లేదంటారు. నేనైతే ఆ ఫీజు కట్టైనా కార్డే వాడతాను. టూర్ నిర్వాహకుడు చేతులెత్తేస్తే ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి అడిగే వీలు కార్డుకుంది, ట్రాన్స్‌ఫర్‌కు లేదు.