సాగిపోయిన క్యాసెట్టు, రెహమాన్ గొంతు

మా నల్లగొండలో రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చౌరస్తాల్లో జనగణమన వేస్తారు, 2021 జనవరి నుంచి. బండి మీదున్నవాళ్లు కూడా దిగి నిలబడతారు. మొన్న క్లాక్ టవర్ దగ్గర అట్లా ఆగి, అయిపోయాక బండి స్టార్ట్ చేస్తుంటే పక్క ఆటోలో 'మా తుఝే సలామ్' అందుకుంది. ఇంటికొచ్చి ఆ పాట ఉన్న రెహమాన్ 'వందేమాతరం' ఆల్బమ్ మొత్తం మళ్లీ విన్నా.

స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లయిన సందర్భంగా 1997 ఆగస్టులో సోనీ వాళ్లు తెచ్చిన ఆల్బమ్ ఇది. 'రోజా' వచ్చి అప్పటికి ఐదేళ్లు, రెహమాన్ అంటే మాకు ట్యూన్లు కట్టే మనిషి, పాడటానికి వేరేవాళ్లు ఉంటారు. 'బొంబాయి'లో హమ్మ హమ్మ అన్నాడు గానీ అది సరదాకి అన్నట్టే ఉంటుంది, ఇక్కడ మాత్రం సినిమా లేదు, హీరో లేడు, ముందు నిలబడి తనే పాడాలి.

అప్పట్లో మా అన్న క్యాసెట్టు తెచ్చాడు. మొదటి పాట 'మా తుఝే సలామ్'నే వెనక్కి తిప్పి తిప్పి వింటే రీలు సరిగ్గా ఆ పైస్థాయి 'మా' దగ్గరే సాగిపోయింది, గొంతు అక్కడికి రాగానే వణికేది. "ఏందిరా, పాడుతున్నడా ఏడుస్తున్నడా?" అనేవాడు మా నాయిన. చాలా ఏళ్ల తర్వాత ఫోన్‌లో విన్నప్పుడు తెలిసింది అక్కడ వణుకే లేదని, సూటిగా పైకి లాగుతాడు, కాకపోతే గొంతులో కొంచెం జీర ఉంటుంది, అందీ అందనట్టు. నాకు నచ్చింది అదే. బాగా తయారైన గాయకుడైతే ఆ చోటు నున్నగా దాటేసేవాడు, అప్పుడది బడిలో జెండా పండగ పాటలాగే మిగిలేది. మెహబూబ్ రాసిన హిందీ మాటలు మాకు సగమే అర్థమయ్యేవి, అయినా అరిచి పాడేవాళ్లం.

'గురూస్ ఆఫ్ పీస్' ఇంకో ఎత్తు. మన 50 ఏళ్ల పండగ ఆల్బమ్‌లో పాకిస్తాన్ నుంచి ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ని పిలిచి పాడించడం ఇవాళైతే ఊహించగలమా? ఆల్బమ్ వచ్చిన ఆ ఆగస్టు 16నే ఆయన పోయాడు కూడా. నుస్రత్ గొంతెత్తితే రెహమాన్ పక్కన చిన్నపిల్లాడిలా అనిపిస్తాడు, పాపం.

'రివైవల్' బాగుంది. 'తౌబా తౌబా', 'ఓన్లీ యూ'లో దేశభక్తి ఎక్కడుందో వెతుక్కోవాలి, నేనైతే దాటేస్తా. మొదటి పాటకే తమిళంలో 'తాయ్ మణ్ణే వణక్కం' అని ఇంకోటి పెట్టారు, తెలుగుకి మాత్రం చోటు లేదు, ఆ కోపం నాకింకా పోలేదు.

కొత్తగా వినేవాళ్లు 'మా తుఝే సలామ్', 'రివైవల్', నుస్రత్ పాట వరసగా వినండి, అదీ ఫోన్ స్పీకర్‌లో కాదు, కాస్త పెద్ద డబ్బా ఉన్నచోట. మా ఊరి ఆటో అయినా పర్లేదు.