ఫోర్జా హొరైజన్ 5 లో రేస్ ట్రాన్స్‌మిషన్: పెట్టించుకోవాలా వద్దా?

ఈ కార్ రేసింగ్ గేమ్‌లో నా 98 టయోటా సుప్రా ఆర్‌జెడ్‌కి పెద్ద సింగిల్ టర్బో పెట్టి ఎస్1 క్లాస్‌కి (పీఐ అంటే కారు సత్తాకి గేమ్ ఇచ్చే నంబర్, అది 900 వరకు ఉండే తరగతి ఇది) తెచ్చాక మొదటి రెండు గేర్లలో పిచ్చి లాగుడు లాగేది, మూడో గేర్ పడగానే మాత్రం ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు అయిపోయేది. ఇంజన్‌లో పవర్ తక్కువై కాదు, గేర్ల మధ్య గ్యాప్ ఎక్కువై. ఇది అర్థమవ్వడానికి నాకు రెండు మూడు రోజులు పట్టింది, ఆ తర్వాత ఈ గేమ్‌లో ట్యూనింగ్ అంటే నాకు గేరింగ్ పేజీనే.

ముందు పార్ట్స్ సంగతి. స్పోర్ట్ ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) పెడితే ఫైనల్ డ్రైవ్ ఒక్కటే మార్చుకోవచ్చు, రేస్ ట్రాన్స్‌మిషన్ పెడితే ఒక్కో గేర్ రేషియో (ఆ గేర్ లాగుడు, స్పీడ్ ఎంతో తేల్చే నంబర్) విడివిడిగా మన చేతిలోకి వస్తుంది. పార్ట్ పెట్టినప్పుడు పీఐ మారుతుంది కానీ తర్వాత రేషియోలు ఎంత తిప్పినా పీఐ మారదు, అందుకే ఒకే పీఐ ఉన్న రెండు కార్ల మధ్య ఇంత తేడా కనిపిస్తుంది.

ఫైనల్ డ్రైవ్ అంటే అన్ని గేర్లకీ కలిపి ఒకే గుణకారం. నంబర్ పెంచితే పికప్ పెరుగుతుంది టాప్ స్పీడ్ తగ్గుతుంది, తగ్గిస్తే దానికి ఉల్టా. కానీ గేర్ల మధ్య గ్యాప్ మాత్రం అలాగే ఉండిపోతుంది, నా సుప్రా జబ్బు సరిగ్గా అక్కడే ఉంది. సెకండ్ 2.40, థర్డ్ 1.50 ఉండేవి. 7500 దగ్గర షిఫ్ట్ చేస్తే ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎక్కడ పడుతుందో లెక్క చాలా సింపుల్, 7500ని 1.50తో గుణించి 2.40తో భాగించడమే, 4690 దరిదాపుల్లోకి పడిపోతోంది. నా టర్బో బూస్ట్ అందుకునేది 5000 దాటాకే, ఇంక కారు ఎలా లాగుతుంది?

సెకండ్ 2.10, థర్డ్ 1.55 చేశా, ఇప్పుడు 5500 పైనే పడుతుంది. అక్కడి నుంచి 1.20, 0.97, 0.81 అని పైకి వెళ్ళేకొద్దీ గ్యాప్ చిన్నది చేసుకుంటూ వెళ్ళా, ఒక్కో షిఫ్ట్‌కి ఆర్‌పీఎం 5800, 6050, 6250 అలా పడుతుంది. ఇలా ఎందుకంటే స్పీడ్ పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గం లెక్కన పెరుగుతుంది, 100లో ఉన్న అడ్డు 200కి వచ్చేసరికి నాలుగింతలు, అంత స్పీడ్‌లో ఆర్‌పీఎం పవర్ బ్యాండ్ (ఇంజన్ బాగా లాగే ఆర్‌పీఎం పరిధి) కిందకి జారితే మళ్ళీ ఎక్కడం మహా కష్టం. కింది గేర్లలో కొంచెం పెద్ద గ్యాప్ ఉన్నా లాగేస్తుంది.

సెకండ్ పొడుగు అవ్వడం (నంబర్ తగ్గి ఎక్కువ స్పీడ్ దాకా సాగడం) వల్ల నేను అనుకోని లాభం ఇంకోటి దొరికింది, ఇదివరకు మూల మధ్యలో లిమిటర్ (ఇంజన్ ఇంక పైకి తిరగకుండా ఆపే హద్దు) తగిలి షిఫ్ట్ చేయాల్సి వచ్చేది, రియర్ వీల్ డ్రైవ్ కదా ఆ కుదుపుకి వెనక భాగం జారిపోయేది, ఇప్పుడు అదే మూల ఒకే గేర్‌లో బయటికి వచ్చేస్తున్నా. నాకైతే టాప్ స్పీడ్ కంటే ఇదే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

ఫస్ట్ గేర్ మీద పెద్దగా టైమ్ పెట్టక్కర్లేదు, స్టార్ట్‌లో టైర్లు ఊరికే తిరుగుతుంటే నంబర్ కొంచెం తగ్గించండి చాలు.

చివరి గేర్‌కి నా పద్ధతి, ఆ రేస్‌లో అన్నిటికన్నా పొడుగు స్ట్రెయిట్ చివర్న బ్రేక్ పెట్టే ముందు టాకోమీటర్ (ఆర్‌పీఎం మీటర్) చూస్తా. ముందే లిమిటర్ కొడుతుంటే ఫైనల్ డ్రైవ్ తగ్గించాలి, ఆఖరి గేర్ అసలు పడకపోతే పెంచాలి. కొంచెం ఖాళీ మాత్రం ఉంచండి, ముందు కారు వెనక స్లిప్‌స్ట్రీమ్‌లో (గాలి అడ్డు తగ్గే చోట) దూరితే మామూలు కన్నా స్పీడ్ ఎక్కువ వస్తుంది. అందుకే గోలియత్ లాంటి హైవే ఉన్న రేస్‌కి చేసిన ట్యూన్ (కారు సెట్టింగ్‌లు) ఊళ్ళో సందుల్లో తిరిగే స్ట్రీట్ రేస్‌కి పనికిరాదు, రెండు వేర్వేరు ట్యూన్లు సేవ్ చేసుకోండి. ఒకసారి ఎవరో షేర్ చేసిన ట్యూన్ దించుకుంటే ఆరో గేర్ 400కి సెట్ చేసి ఉంది, నేను ఆడిన రేస్‌లో కారు 260 కూడా దాటలేదు, ఆ గేర్ మొత్తం వేస్ట్.

అలాగే పది గేర్ల బాక్స్ ఆశపడి పెట్టొద్దు. ఒక్కో షిఫ్ట్‌కి లాగుడు క్షణం ఆగుతుంది, కింది నుంచే మంచి టార్క్ ఉన్న పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌కి అన్ని గేర్లు దండగ. అలాంటి కార్లకి స్పోర్ట్ పెట్టి ఫైనల్ డ్రైవ్ సరిచేసుకుంటే సరిపోతుంది, మిగిలిన పీఐ టైర్లకి వాడుకోండి. పవర్ అంతా పైనే ఉన్న టర్బో కార్లకి, బాగా పైకి తిరిగే చిన్న ఇంజన్లకి మాత్రం రేస్ ట్రాన్స్‌మిషన్ తప్పకుండా పెట్టండి, నేను ఐదుకి నాలుగున్నర ఇస్తా. ఆ సగం కోత ఏంటంటే నా సుప్రా పీఐ అప్పటికే 900 అంచున ఉంది, ఈ పార్ట్ కోసం వేరే పార్ట్ ఒకటి పీకాల్సి వచ్చింది.