భీమిలి నుంచి చూస్తే: ఆండ్రోమెడానా, పెద్ద మాగెల్లాన్ మేఘమా?

ఈ రెండూ మన పాలపుంతలాంటి గెలాక్సీలే, అంటే కోట్ల నక్షత్రాల గుంపులు. మన పాలపుంతకు పెద్ద మాగెల్లాన్ మేఘం చాలా దగ్గర, దూరం సుమారు 1.6 లక్షల కాంతి సంవత్సరాలే. ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అయినా విశాఖవాసులకు కనిపించేది దూరపు చుట్టమే!

కార్తీక అమావాస్య రోజుల్లో రాత్రి 8 గంటలకు ఆండ్రోమెడా నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటుంది. హార్బర్ లైట్లకు దూరంగా, అరకు వైపు వెళ్తే మామూలు కంటికే చిన్న మసకలా కనిపిస్తుంది. బైనాక్యులర్ ఉంటే ఇంకా మంచిది. అది మన పాలపుంతలాగే సర్పిలాకార గెలాక్సీ. అందులోని ఒక నక్షత్రం వెలుగు పెరిగి తగ్గే తీరును బట్టే, అది పాలపుంతకు బయట ఉందని 1920లలో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ తేల్చాడు.

మేఘానిది వేరే కథ. దానికి చక్కని చుట్లు లేవు, మధ్యలో ఒక పట్టీ, చుట్టూ చెదిరిన ఆకారం. అందుకే క్రమరహిత గెలాక్సీ అంటారు. వాయువు మాత్రం పుష్కలం. అక్కడి టరాన్టులా నెబ్యులా అనే వాయువు, ధూళి మేఘంలో కొత్త నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి. 1987లో ఒక నక్షత్రం పేలితే ఇక్కడ భూమి మీద టెలిస్కోపు లేకుండానే చూశారు. రెండింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఈ మాగెల్లాన్ మేఘమే. కానీ మన దగ్గర జనవరి రాత్రుల్లో కూడా దక్షిణాన సముద్రం మీద సుమారు రెండున్నర డిగ్రీల ఎత్తుకే వస్తుంది, తేమ పొరలో కలిసిపోతుంది.

మొదటిసారి చూసేవాళ్లు ఆండ్రోమెడాతోనే మొదలుపెట్టండి.