కొత్త పిల్లల ఇంగ్లీషు బ్యాచ్‌లు: బిట్ పేపరా, మాటా, రాతా? ఏది మేలు?

డిగ్రీ మొదటి సంవత్సరం అడ్మిషన్లు పూర్తవగానే ఏటా నాకు ఒకటే ఆదుర్దా. అరవై మంది కొత్త పిల్లలు ఉంటారు. సగం మంది తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాళ్లు, మిగతావాళ్లు పేరుకు ఇంగ్లీషు మీడియం. వారం తిరిగేలోగా వాళ్ల ఇంగ్లీషు ఎంతవరకు ఉందో చూసి మూడు బ్యాచ్‌లుగా విడదీయాలి. దీన్ని ప్లేస్‌మెంట్ పరీక్ష అంటారు. మన కాలేజీల్లో ప్లేస్‌మెంట్ అనగానే అందరికీ ఉద్యోగాలే గుర్తొస్తాయి కాబట్టి, పిల్లలకు మాత్రం ‘బ్యాచ్ పరీక్ష’ అనే చెబుతాను. పాస్, ఫెయిల్ అన్న మాటే ఇందులో ఉండదని మొదటే చెప్పకపోతే సగం మంది రాత్రంతా నిద్ర మాని గ్రామర్ పుస్తకం బట్టీ పట్టి వస్తారు. అప్పుడు నాకు కనిపించేది వాళ్ల ఇంగ్లీషు కాదు, ఆ రాత్రి చదువు.

తప్పు బ్యాచ్‌లో పడితే ఏమవుతుందో చాలాసార్లు చూశాను. తన స్థాయికన్నా కింద పడ్డ పిల్లవాడు విసుగెత్తి వెనక బెంచీకి చేరతాడు. పైన పడ్డ పిల్ల నోరు విప్పదు, దసరా సెలవుల తర్వాత అసలు క్లాసుకే రాదు. నా లెక్కలో ఈ రెండో నష్టమే పెద్దది. ఏ పద్ధతి మేలో తూచేటప్పుడు నేను ముందు చూసేది కూడా ఇదే: ఏ పద్ధతి పిల్లను మోయలేనంత ఎత్తున కూర్చోబెడుతుంది?

బిట్ పేపర్

ఎక్కువ కాలేజీలు నమ్ముకున్నది దీన్నే. యాభై బిట్లు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, అరగంటలో పరీక్ష, గంటలో ఫలితం. ఎవరు దిద్దినా అవే మార్కులు వస్తాయి కాబట్టి పక్షపాతం అన్న మాట రాదు. దీని మంచి ఇంతవరకే. ప్రశ్న చదవకుండా గుడ్డిగా గుర్తులు పెట్టుకుంటూ పోయినా 50లో సగటున 12 లేదా 13 మార్కులు వస్తాయి. అందువల్ల అడుగున ఉన్నవాళ్లలో ఎవరికి కొంత వచ్చు, ఎవరికి అసలు రాదు అన్నది ఈ పేపర్‌లో తేలదు.

పై వరసలో జరిగే పొరపాటు ఇంకా బాధాకరం. ఒక ఏడాది మండల కేంద్రంలోని ప్రభుత్వ కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయికి 50కి 43 వచ్చాయి. సంతోషంగా పై బ్యాచ్‌లో వేశాను. మొదటి రోజు క్లాసులో ఇవాళ కాలేజీకి ఎలా వచ్చావని ఇంగ్లీషులో అడిగాను. లేచి నిలబడింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూసింది. కాసేపు ఆగి పక్క అమ్మాయిని అడిగాను. క్లాసు అయ్యాక పిలిచి, “ఏమ్మా, ప్రశ్న అర్థం కాలేదా?” అని తెలుగులో అడిగితే, “అర్థమైంది మేడమ్. ‘కేమ్’ అనాలా, ‘హావ్ కమ్’ అనాలా అని తేల్చుకునేలోగా మీరు పక్కన అడిగేశారు” అంది.

ఆ 43 మార్కులు అబద్ధం కాదు. ఆమెకు సూత్రం తెలుసు. నోటి దాకా రావడానికి దానికి దారి లేదు, అంతే. మన తెలుగు మీడియం పిల్లలు ఏళ్ల తరబడి సాధన చేసింది బిట్లే కదా. వాళ్లు బాగా చేయగలిగిన పని ఒక్కటే చేయించి, దాన్నిబట్టి అన్నీ వచ్చనుకోవడం మనం చేసే తప్పు.

మాట్లాడించి చూడటం

ముందుగా అందరూ చెప్పే అభ్యంతరం: సమయం. అరవై మందికి తలా పది నిమిషాలంటే పది గంటలు. నిజమే. అయితే బ్యాచ్ నిర్ణయించడానికి పది నిమిషాలు అక్కర్లేదని అనుభవం మీద తెలిసింది. ప్రశ్నలు సరిగ్గా పేర్చుకుంటే ఐదు చాలు. ఇద్దరు ఉపాధ్యాయులు చెరో ముప్పై మందిని పంచుకుంటే ఒక్కొక్కరికి రెండున్నర గంటల పని. ఒక పూటలో అయిపోతుంది.

నేను తెలుగుతోనే మొదలుపెడతాను. ఏ ఊరు, బస్సులో వచ్చావా, టిఫిన్ చేశావా? ముడుచుకున్న భుజాలు కాస్త సడలాక ఇంగ్లీషులోకి జారతాను. ముందు పేరు, ఇంట్లోవాళ్లు. తర్వాత రోజూ చేసే పనులు. ఆ పైన నిన్న జరిగింది. ఇంకా నిలబడగలిగితే ఒక అభిప్రాయం: మీ ఊళ్లో మార్చాల్సింది ఏమిటి, ఎందుకు? ఎక్కడ మాట తెగిపోతుందో అదే ఆ పిల్ల ప్రస్తుత హద్దు. అక్కడే ఆపేసి పంపకూడదు. ఒక మెట్టు కిందికి దిగి, ఆమె హాయిగా చెప్పగలిగిన ప్రశ్న ఒకటి అడిగి ముగించాలి. గదిలోంచి బయటకు వెళ్లేటప్పుడు ‘నాకు రాదు’ అన్న ముఖంతో వెళ్లిన పిల్లను మళ్లీ మాట్లాడించడానికి నెల పడుతుంది.

ఇందులో ప్రమాదం పరీక్ష చేసేవాళ్లలోనే ఉంది. ధైర్యంగా కళ్లలోకి చూసి మాట్లాడే పట్నం కుర్రాడికి తెలియకుండానే ఒక మెట్టు ఎక్కువ వేస్తాం. మెల్లగా మాట్లాడే పల్లెటూరి పిల్లకు ఒక మెట్టు తక్కువ. ఉచ్చారణలో తెలుగు యాస వినిపిస్తే భాషే తక్కువ అనుకుంటాం. అందుకే ఫోనులో రికార్డు చేస్తాం. అనుమానం ఉన్నవాటిని రెండో ఉపాధ్యాయుడు ఆ విద్యార్థి ముఖం చూడకుండా వింటారు. ఆయన వేసిన స్థాయి, నేను వేసింది వేరైతే అప్పుడు ఇద్దరం కూర్చుని తేల్చుకుంటాం.

ఒక్కొక్కరితో విడిగా కూర్చోవడం పెద్ద ఎత్తున సాధ్యం కాదనేవాళ్లు అసర్ సర్వేను గుర్తుచేసుకోవాలి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో 2005లో మొదలైన ఆ సర్వేలో వాలంటీర్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, ఒక్కో పిల్లవాడి పక్కన కూర్చుని చదివించి చూస్తారు. ఇంగ్లీషు పరీక్షించిన సంవత్సరాల్లో పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు, చిన్న మాటలు, చిన్న వాక్యాలు, ఇలా మెట్లు పెట్టారు. చదివిన మాటకు అర్థం పిల్లవాడు తన భాషలోనే చెప్పవచ్చు. ఈ చివరి సంగతి నాకు ఎంతో నచ్చింది. అర్థమైందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఇంగ్లీషులోనే చెప్పించనక్కర్లేదు.

అర పేజీ రాత

నోటితో తేలని సంగతి చేతిరాతలో తేలుతుంది. పట్నంలో కాన్వెంటులో చదివిన ఒక అబ్బాయి నాన్నగారి మొబైల్ దుకాణం గురించి గడగడా మాట్లాడాడు. ఆగమంటే తప్ప ఆగలేదు. రాయమంటే నాలుగు లైన్లు రాశాడు. ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. ఒక వాక్యం ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో పట్టుకోలేకపోయాను. మాట ఒక్కటే చూసి ఉంటే అతణ్ని పై బ్యాచ్‌లో వేసి, అక్కడి వ్యాసాల కింద నలిగిపోనిచ్చేవాళ్లం.

రాయించేటప్పుడు విషయం ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. దీపావళి, నా ఆశయం, మా అమ్మ, ఇలాంటివి ఇస్తే గైడులోని వ్యాసం కామాలతో సహా దిగుతుంది. అందుకే, “నిన్న పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏమేమి చేశావో రాయి” అంటాను. ఇది ఏ గైడులోనూ దొరకదు, పైగా భూతకాలం వాడక తప్పదు. పావుగంట సమయం ఇస్తాను. దిద్దేటప్పుడు తప్పులు లెక్కపెట్టను. అర్థం అందుతోందా, ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి దారి ఉందా అని చూస్తాను. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మన పిల్లలు వాటిని వదిలేస్తారు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి ఇంగ్లీషు క్రియను కూడా చివరికి నెట్టేస్తారు. మొదటిది చిన్న తప్పు, ఏ బ్యాచ్‌లోనైనా దిద్దుకోవచ్చు. రెండోది ఇంగ్లీషు వాక్యం ఇంకా కుదరలేదని చెబుతోంది. రెండింటికీ ఒకేలా ఎర్ర సిరా పూస్తే ఏ సంగతీ తెలియదు.

అక్షరాలే కూడబలుక్కునే పిల్లకు తెల్లకాగితం ఇచ్చి రాయమనడం క్రూరత్వం. అలాంటివాళ్లను ముందే గుర్తించి, పైన చెప్పిన చదివించే మెట్లతోనే సరిపెడతాను.

మిగతావి

సమయం నిజంగానే లేదు, కాగితం పరీక్ష తప్పదు అంటే బిట్ల బదులు ఖాళీలు నింపే ‘క్లోజ్’ (cloze) పరీక్ష పెట్టమంటాను. 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్, ఒక రచన చదవడానికి ఎంత తేలికో కొలవడానికి దీన్ని తయారుచేశాడు. తర్వాత భాషా పరీక్షల్లోకి వచ్చింది. ఒక పేరా తీసుకుని, మొదటి వాక్యం వదిలేసి, ఆ తర్వాత ప్రతి ఏడో మాటా తీసేసి ఖాళీ పెడతారు. దాదాపు 210 మాటలకు 30 ఖాళీలు వస్తాయి. ముందూ వెనకా అర్థమైతే తప్ప నింపలేరు, గుడ్డి గుర్తులకు చోటు లేదు. మాట్లాడే శక్తి మాత్రం ఇందులోనూ తెలియదు.

తమ స్థాయి తామే చెప్పుకోమనే పద్ధతి కూడా ఉంది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రకటించిన భాషా స్థాయిల చట్రంలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టులో ‘నేను ఇది చేయగలను’ అనే తరహా వాక్యాలు ఉంటాయి. మన పిల్లలను ఇంగ్లీషు వచ్చా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, ‘రాదు మేడమ్’. అదే, బ్యాంకు ఫారం చూసి నింపగలవా, ఫోనులో వచ్చిన ఇంగ్లీషు మెసేజీ చదివి ఇంట్లో చెప్పగలవా అని తెలుగులో ఒక కాగితం మీద అడిగితే నిజం బయటికి వస్తుంది. మార్కుల కోసం కాదు గానీ, మాట్లాడించేముందు నేను చదువుకోవడానికి ఈ కాగితం బాగా పనికొస్తుంది.

జవాబునుబట్టి ప్రశ్న కష్టాన్ని మార్చుకునే కంప్యూటర్ పరీక్షలు వేగంగా ఫలితం ఇస్తాయి. మౌస్ పట్టుకోవడానికే చేయి వణికే పిల్ల విషయంలో అవి కొలిచేది ఇంగ్లీషునో, భయాన్నో చెప్పలేం.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇంకొకటి. బడిలో చేర్చేటప్పుడు ఇచ్చే ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే పిల్లవాణ్ని వెనక్కి నెడతారేమోనని దిగులు. ఆ జవాబు వల్ల జరిగేది పరీక్ష మాత్రమే. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం చూశాకే సాయం అవసరమో కాదో తేలుస్తారు. భయపడి ఇంగ్లీషు అని రాస్తే, సాయం నిజంగా కావలసిన పిల్లవాడికి అది అందకుండా పోవచ్చు. తెలుగు అనే రాయండి.

ఒక్కటే ఎంచుకోమంటే నేను మాటనే ఎంచుకుంటాను. రెండు కుదిరితే మాట, అర పేజీ రాత. మూడోది క్లోజ్. బిట్ పేపర్ అన్నిటికన్నా చివర. ఇవన్నీ చూసినా ఇద్దరో ముగ్గురో తప్పు చోట పడతారు. అందుకే మొదటి రెండు వారాలూ బ్యాచ్‌ల మధ్య తలుపు తెరిచే ఉంచుతాం. సందేహం ఉన్నవాళ్లను కింది బ్యాచ్‌లోనే కూర్చోబెడతాను. పైకి పంపితే ఇంట్లో చెప్పుకుని మురిసిపోతారు, కిందికి దించితే ఏడుస్తారు.

ఆ 43 మార్కుల అమ్మాయిని నేను కిందికి దించాల్సి వచ్చింది. తప్పు నాదని ఆమెకే చెప్పి మధ్య బ్యాచ్‌లో కూర్చోబెట్టాను. మూడో వారంలో ఒకరోజు ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమైందని ఇంగ్లీషులో అడిగాను. బస్సు రాలేదనీ, గంటసేపు స్టాండులో నిలబడ్డాననీ ఇంగ్లీషులోనే చెప్పింది. క్రియ వర్తమానంలో ఉంది, ఆర్టికల్ ఒక్కటీ లేదు. నేను దిద్దలేదు. లోపలికి రమ్మని, హాజరు వేశాను.