మధ్యయుగ ఐరోపా గోడపటం: కొనదగినదే, అయితే అంకారా దగ్గర ఒక చీటీ అంటించుకోవాలి

విజయవాడ ఏలూరు రోడ్డులోని ఒక పుస్తకాల దుకాణంలో గత జూన్‌లో, కళాశాలలు తెరిచే ముందు, 650 రూపాయలకు ఒక పెద్ద గోడపటం కొన్నాను. ఎనిమిదవ శతాబ్దం మొదలు పదిహేనవ శతాబ్దం చివరి వరకు ఐరోపాపై ఆధిపత్యం కోసం ముస్లిం, క్రైస్తవ రాజ్యాల మధ్య సాగిన యుద్ధాలను పూర్తిగా తెలుగు అక్షరాలతో చూపించిన పటం ఇది. గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా చరిత్ర చెబుతున్నా, ఈ విషయం మీద తెలుగులో అచ్చయిన గోడపటం నా చేతికి రావడం ఇదే మొదటిసారి. ఒక విద్యాసంవత్సరమంతా తరగతిలో వాడి చూశాను కాబట్టి, తోటి అధ్యాపకులకూ పోటీ పరీక్షలకు చదువుకునేవారికీ పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా వస్తువు నాణ్యత. పటం దాదాపు ఐదడుగుల వెడల్పు ఉంటుంది. పైనా కిందా కర్ర బద్దలు బిగించి, లామినేషన్ చేసి ఇచ్చారు. ట్యూబులైటు వెలుతురు దానిమీద పడి మెరవడం వల్ల ఒక పక్క బెంచీల వారికి స్పెయిన్ మొత్తం తెల్లటి మరకలా కనిపించేది; గోడ మార్చిన తరువాత ఆ ఇబ్బంది పోయింది. మూడో వరుస దాటితే ఊళ్ల పేర్లు చదవడం కష్టం. గుంటూరు ఎండలకు కింది బద్ద దగ్గర లామినేషన్ లేచిపోగా దుకాణానికి తీసుకువెళ్లాను. "అట్లాగే వదిలేస్తే మొత్తం ఊడి వస్తుంది మాస్టారూ, ఇట్లా ఇవ్వండి" అని దుకాణదారు పటాన్ని నేలమీద పరిపించి, అంచు పొడవునా పట్టీ వేయించి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఈ పటంలో అన్నిటికన్నా గొప్పగా కుదిరినది ఎడమ అడుగున ఉన్న ఐబీరియా, అంటే నేటి స్పెయిన్, పోర్చుగల్ భాగం. 711లో ముస్లిం సేనాని తారిఖ్ సైన్యం ఆఫ్రికా నుంచి జలసంధి దాటి దిగిన చోట 'జబల్ తారిఖ్', అంటే తారిఖ్ కొండ, అని రాసి, దాని కిందనే నేటి పేరు జిబ్రాల్టర్ అని రాశారు. ఒక పేరు మరో పేరుగా ఎలా మారిందో విద్యార్థులు నేను చెప్పకుండానే పట్టుకున్నారు. పక్కన 1000, 1150, 1250, 1492 సంవత్సరాల నాటి నాలుగు చిన్న పటాలు వరుసగా ఉన్నాయి. మొదటిదానిలో ఉత్తరాన డ్యూరో నది దాకా పరుచుకున్న ముస్లిం రాజ్యాల పచ్చరంగు, మూడోదానికి వచ్చేసరికి దక్షిణాన గ్రనడా చుట్టూ ఒక మూలకు చేరి, నాలుగోదానిలో లేకుండా పోతుంది. వాయవ్యాన సాంటియాగో ఊరి మీద చిన్న గంట బొమ్మ వేసి 997, 1236 అని రెండు సంవత్సరాలు వేశారు. కార్డోబా ముస్లిం పాలకుడు అల్ మన్సూర్ ఆ ఊరిని కొల్లగొట్టి చర్చి గంటలను క్రైస్తవ బందీల చేత కార్డోబాకు మోయించాడనీ, తరువాత కార్డోబాను జయించిన క్రైస్తవ రాజు మూడవ ఫెర్డినాండ్ వాటిని ముస్లిం బందీల చేత వెనక్కి మోయించాడనీ చెబుతారు. ఆ గంట బొమ్మ దగ్గర నేను ఒక పీరియడ్ మొత్తం గడిపాను.

సిసిలీ ద్వీపాన్ని మాత్రం, ముస్లింల దాడి మొదలైన 827, వారి పాలన ముగిసిన 1091 అని రెండు సంవత్సరాలు వేసి వదిలేశారు.

తూర్పు వైపు భాగం మన పాఠ్యపుస్తకాల లోటును తీరుస్తుంది. 1453లో ఆటోమన్ తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను ఆక్రమించుకున్నారు, అందువల్ల ఐరోపావారు కొత్త సముద్ర మార్గాలు వెతికారు అనే ఒక్క వాక్యంతోనే మన విద్యార్థులు ఆ నగరాన్ని ఎరుగుదురు. ఈ పటంలో 1354 నాటి గాలిపొలి, 1389 నాటి కొసావో, 1396 నాటి నికోపొలిస్, 1444 నాటి వర్నా వరుసగా ఐరోపా గడ్డమీదే కనిపించడంతో, నగరం పడిపోవడానికి వంద సంవత్సరాల ముందే దాని వెనుక భూమి చేజారడం మొదలైందని చూసిన వెంటనే అర్థమవుతుంది. ఆ నగరపు గోల్డెన్ హార్న్ రేవు మూతికి అడ్డంగా కట్టిన ఇనుప గొలుసును సన్నని నల్లగీతగా చూపి, ఆటోమన్ సుల్తాను రెండవ మెహ్మద్ తన ఓడలను కొండమీదుగా లాగించిన దారిని చుక్కలతో గీశారు.

ఇక లోపాల విషయానికి వస్తాను. ప్రచురణకర్తలు రెండే రంగులు వాడారు, ముస్లింలకు పచ్చ, క్రైస్తవులకు ఎరుపు. ఒకే రంగులోని వారు తమలో తాము చేసుకున్న యుద్ధాలను పటంలోకి రానివ్వలేదు. అందువల్ల ఏ యుద్ధం ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది గాని, ఎందుకు అలా ముగిసిందో తెలియదు. 1031లో కార్డోబా ఖిలాఫత్ ముక్కలై చిన్నచిన్న రాజ్యాలు ఒకదానితో ఒకటి పోరాడకపోతే 1085లో టొలెడో నగరం క్రైస్తవ రాజ్యమైన కాస్టీల్ చేతికి అంత సులువుగా చిక్కేది కాదు. 1204లో నాలుగవ క్రూసేడుకు, అంటే మతయుద్ధానికి, బయలుదేరిన క్రైస్తవ సైన్యమే కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకుంది. ఆ నగరం రాజధానిగా ఉన్న బైజాంటైన్ సామ్రాజ్యం ఆ దెబ్బ నుంచి తిరిగి కోలుకోలేదు. 1398లో ఢిల్లీ మీద విరుచుకుపడిన తైమూరే 1402లో అంకారా దగ్గర ఆటోమన్ సుల్తాను బాయజీద్‌ను ఓడించి బందీగా పట్టుకున్నాడు. ఒక ముస్లిం రాజు గెలుపు వల్ల ఒక క్రైస్తవ రాజధానికి యాభై ఏళ్ల ఆయుష్షు దక్కింది. ఈ మూడింటిలో ఒక్కటీ పటంలో లేదు. 1453లో కోట గోడలను బద్దలుకొట్టిన పెద్ద ఫిరంగిని పోతపోసిన ఓర్బాన్ హంగేరీకి చెందిన క్రైస్తవుడనీ, మొదట బైజాంటైన్ చక్రవర్తి కొలువులోనే పనికి కుదురుదామని వచ్చి జీతం గిట్టక మెహ్మద్ దగ్గరికి వెళ్లాడనీ చెప్పినప్పుడు, మా విద్యార్థి ఒకడు లేచి ఫిరంగికి ఏ రంగు వేయాలని అడిగాడు.

కొండవీడు కొండ కనుచూపు మేరలో పెరిగిన పిల్లలకు, మతాన్ని బట్టే పక్షాలు ఏర్పడవన్న ఈ విషయం అర్థం చేయించడం కష్టం కాదు. కొండవీటి రెడ్ల మీద రాచకొండ వెలమ దొరలు బహమనీ సుల్తానులతో చేతులు కలిపిన సంగతి వారు వినే ఉన్నారు. స్పెయిన్‌లోని జరగోసా ముస్లిం రాజు కొలువులో కత్తి పట్టిన క్రైస్తవ వీరుడు ఎల్ సిడ్ కథ చెబితే వారు ఆశ్చర్యపోలేదు.

ఒక తప్పును మాత్రం క్షమించలేను. ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య కొండల్లో 778 నాటి రాన్సెవాల్ కనుమ దగ్గర ఎరుపు, పచ్చ కత్తులు రెండూ ఒకదానికొకటి అడ్డంగా వేశారు. అక్కడ ఫ్రాంకుల క్రైస్తవ రాజు షార్లమేన్ వెనుక దళాన్ని మట్టుబెట్టినవారు ముస్లింలు కారు, కొండల్లో నివసించే బాస్క్‌లు. అసలు ఆయన స్పెయిన్‌కు వెళ్లిందే అక్కడి కొందరు ముస్లిం అధిపతులు పిలిస్తే. ఫ్రాంకులు ముస్లిం సైన్యాన్ని ఓడించిన 732 నాటి టూర్స్ యుద్ధం పక్కన 'ఐరోపాను కాపాడిన యుద్ధం' అని రాయడం కూడా అతిశయోక్తే. ఆ తరువాత 759 వరకు దక్షిణ ఫ్రాన్స్‌లోని నార్బాన్ పట్టణం ముస్లింల చేతిలోనే ఉంది.

ఇన్ని చెప్పినా, ఈ ధరకు తెలుగులో ఇంత పని చేసే పటం దొరకడం అరుదు కనుక కొనమనే చెబుతాను. నా పటం మీద ఇప్పుడు నాలుగు పసుపు చీటీలు ఉన్నాయి. కార్డోబా దగ్గర 1031, కాన్‌స్టాంటినోపుల్ దగ్గర 1204, అంకారా దగ్గర 1402 రాసి అంటించాను. రాన్సెవాల్ దగ్గర ఉన్న నాలుగవది పచ్చకత్తిని పూర్తిగా కప్పేస్తుంది.